అవుట్‌బోర్డ్ మోటారు ఎత్తు ముందు, ప్రొపెల్లర్ తరువాత: 18 అడుగుల ఫైబర్ బోటు విషయంలో నా సమాధానం

మీరు చెప్పిన వివరాలను ముందుగా ఒకచోట పెట్టుకుందాం. కాకినాడ అఖాతంలోనూ కోరంగి పాయల్లోనూ తిరిగే మీ 18 అడుగుల ఫైబర్ బోటుకు యమహా 40 హార్స్‌పవర్ టూ-స్ట్రోక్ లాంగ్ షాఫ్టు మోటారు ఉంది. ఇద్దరే ఎక్కినప్పుడు పూర్తి థ్రాటిల్‌లో 4700 ఆర్పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు), గంటకు 37 కిలోమీటర్ల వేగం వస్తున్నాయి. ఆరుగురు మనుషులు, నిండు ట్యాంకు, సామాను ఉన్నప్పుడు 4350 దాటడం లేదు, వేగం 31 దగ్గరే ఆగిపోతోంది. మోటారు వెనక నుంచి నీరు ఎత్తుగా చిమ్ముతోంది, టిల్లరు (మోటారును పక్కకు తిప్పే పిడి) చేతికి బరువుగా ఉంది. ఇప్పుడున్న 11⅛ × 13 (వ్యాసం 11⅛ అంగుళాలు; ఒక చుట్టుకు ముందుకు పోయే దూరం, అంటే పిచ్, 13 అంగుళాలు) అల్యూమినియం ప్రొపెల్లర్ తీసేసి 15 పిచ్ వేస్తే వేగం పెరుగుతుందా అన్నది మీ ప్రశ్న.

పెరగదు. వేగం ఇంకా తగ్గుతుంది, మోటారు కూడా త్వరగా పాడవుతుంది. మీ మోటారు పూర్తి థ్రాటిల్‌లో 4500 నుంచి 5500 ఆర్పీఎం మధ్య తిరగాలని మీ మాన్యువల్‌లోనే ఉందని మీరే రాశారు. బరువుతో ఉన్నప్పుడు అది ఆ పరిధి కింది అంచును కూడా అందుకోవడం లేదు. అంటే ఇప్పుడున్న 13 పిచ్చే దానికి మోయలేని భారంగా ఉంది. దాని మీద మరో రెండంగుళాల పిచ్ పెడితే ఆర్పీఎం ఇంకో 300 నుంచి 400 వరకు పడిపోతుంది. థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉన్నా ఇంజన్ తిరగలేకపోతే సిలిండర్లలో వేడి, ఒత్తిడి హద్దు మీరతాయి; రింగులు కార్బన్‌తో బిగుసుకుంటాయి, చివరికి పిస్టన్ కాలుతుంది. టూ-స్ట్రోక్ మోటార్లలో ఈ నష్టం చాలాసార్లు పైకి ఏ శబ్దమూ వినిపించకుండానే జరుగుతుంది. అందుకే కొత్త ప్రొపెల్లర్ మాట పక్కన పెట్టి, ముందు మోటారు ఎంత లోతులో వేలాడుతోందో చూడమంటున్నాను.

మీ బోటు లక్షణాల్లో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ చిమ్మే నీరే. ప్రొపెల్లర్‌కు కొంచెం పైన, గేర్‌కేసు (మోటారు కాలు చివర గేర్లు ఉండే భాగం) మీద అడ్డంగా ఉండే చదునైన రెక్కను మన దగ్గర అందరూ క్యావిటేషన్ ప్లేటు అంటారు. దాని కింది భాగాన్ని నీటిని చీల్చుకుంటూ పోయేలా సన్నగా, నునుపుగా తయారుచేస్తారు. దాని పైన ఉన్న భాగం అలా కాదు. అది మొద్దుగా, వెడల్పుగా ఉంటుంది, వేగంలో నీళ్లలో ఉండటానికి చేసింది కాదు. మోటారు లోతుగా దిగితే ఆ మొద్దు భాగం కూడా నీటిని తోసుకుంటూ పోవాలి. ఆ తోపుడుకే నీరు పైకి చిమ్ముతుంది, టిల్లరు బరువెక్కుతుంది, ఇంజన్ శక్తిలో కొంత వృథా అవుతుంది. బోటు మీకు ఇప్పటికే జవాబు చెబుతోంది.

కొలిస్తే సంగతి తేలిపోతుంది. బోటును ఒడ్డున ట్రాలీ మీద గాని దిమ్మెల మీద గాని నిలిపి, మీటరుకు పైగా పొడవున్న తిన్నని అల్యూమినియం బద్దను బోటు అడుగుకు, మధ్యలో కీల్ (బోటు అడుగున పొడవునా ఉండే వెన్ను) పక్కన ఆనించి, వెనక్కి మోటారు వరకు సాగేలా పట్టుకోండి. మోటారును దించి, క్యావిటేషన్ ప్లేటు ఆ బద్దకు సమాంతరంగా వచ్చేలా టిల్ట్ పిన్ను సర్దండి. ఇప్పుడు బద్దకూ ప్లేటుకూ మధ్య ఎంత దూరం ఉందో, ప్లేటు పైన ఉందో కింద ఉందో రాసుకోండి. మీ వెనక పలక, అంటే ట్రాన్సమ్, నిలువు కొలత 20 అంగుళాలని, మోటారును పూర్తిగా కిందికి దింపి బిగించారని చెప్పారు. లాంగ్ షాఫ్టును వాడుకలో 20 అంగుళాలదని అంటారు గాని, చాలా మోటార్లలో అసలు కొలత అంతకంటే ఒకటి రెండు అంగుళాలు ఎక్కువే. కాబట్టి మీ ప్లేటు బోటు అడుగు మట్టం కన్నా దాదాపు రెండు అంగుళాలు కింద ఉంటుందని నా అంచనా. కొలత వచ్చాక అంచనాను వదిలేసి కొలతనే నమ్మండి.

నీటి మీదికి లేచి జారుతూ పోయే మామూలు బోట్లకు మొదటి లెక్క ఇది: ప్లేటు బోటు అడుగుతో సమమట్టంగా ఉండాలి. అక్కడి నుంచి కొంచెం కొంచెంగా పైకి లేపుతూ పరీక్షించాలి. చాలా బోట్లు, ప్లేటు బోటు అడుగు మట్టం కన్నా అరంగుళం నుంచి అంగుళం పైకి ఉన్నప్పుడు బాగా నడుస్తాయి. బోటు వేగం అందుకున్నాక వెనక పలక దాటిన నీరు కొంచెం పైకి లేస్తుంది కాబట్టి, ఒడ్డున కొలిచినప్పుడు పైకి కనిపించిన ప్లేటు నీటిలో పరుగెత్తేటప్పుడు సరిగ్గా ఉపరితలం దగ్గరకు వస్తుంది.

మోటారును పైకి లేపేటప్పుడు చాలామంది తికమకపడేది బోల్టు రంధ్రాల దగ్గరే. మీరు పంపిన ఫొటోలో మోటారు బ్రాకెట్‌కు పైభాగంలో ఒకదాని కింద ఒకటి వరుసగా రంధ్రాలున్నాయి. ఇలాంటి బ్రాకెట్లలో రంధ్రానికి రంధ్రానికి మధ్య దూరం మామూలుగా ముప్పావు అంగుళం, అంటే 19 మిల్లీమీటర్లు. ఇప్పుడు బోల్టులు పై రంధ్రంలో ఉన్నాయి, అందుకే మోటారు అన్నిటికన్నా కిందికి దిగి ఉంది. వెనక పలకలో బోల్టు ఉన్నచోటే ఉంటుంది, బ్రాకెట్ పైకి కదులుతుంది. కాబట్టి మోటారు లేవాలంటే బోల్టులు బ్రాకెట్‌లోని కింది రంధ్రాల్లోకి రావాలి. మీ బోటుకు మొదట రెండు రంధ్రాలు, అంటే అంగుళంన్నర లేపండి. పరీక్షించాక మూడోది. బోటు నడక చూసి, అవసరమనుకుంటేనే నాలుగోది.

మోటారు బరువును చేతులతో పట్టుకుని బోల్టులు విప్పే పని చేయవద్దు. పైన లిఫ్టింగ్ హుక్కుకు చైన్‌బ్లాక్ తగిలించి, బరువు పూర్తిగా దాని మీదకు వచ్చాకే విప్పండి. లేపాక బ్రాకెట్ మెడకూ వెనక పలక పైఅంచుకూ మధ్య ఖాళీ వస్తుంది. అక్కడ గట్టి చెక్క గాని అల్యూమినియం ముక్క గాని అంతే మందంలో పెట్టి, మోటారు దాని మీద కూర్చునేలా చేయండి. లోపలివైపు చేతి మరల బిళ్లలు పలక మీద పూర్తిగా ఆనాలి. సగం పలక మీద, సగం గాలిలో ఉంటే మోటారును ఆ ఎత్తులో ఉంచకూడదు. 40 హార్స్‌పవర్ మోటారు కేవలం చేతి మరల బిగింపు మీద ఉండకూడదు, పలకను దాటి లోపలికి వచ్చే బోల్టులు, వెడల్పైన వాషర్లు, లాక్ నట్లు తప్పనిసరి. కొత్త రంధ్రం వేయాల్సి వస్తే వాడకుండా మిగిలిన పాత రంధ్రాన్ని ఇపాక్సీతో నింపి మూసేయండి, బోల్టుల చుట్టూ మెరైన్ సీలెంట్ పెట్టండి. మన ఫైబర్ బోట్లలో వెనక పలక లోపల ప్లైవుడ్ ఉంటుంది. ఒక్క రంధ్రంలోంచి ఉప్పునీరు దిగినా అది లోలోపలే కుళ్లిపోతుంది, పైన ఫైబర్ మాత్రం కొత్తదానిలా మెరుస్తూనే ఉంటుంది.

ఇక పరీక్ష. బోటు అడుగున నాచు, గుల్లలు పట్టి ఉంటే ముందు గీకి శుభ్రం చేయండి, లేకపోతే ఏ లెక్కా నిలబడదు. థ్రాటిల్ కేబుల్ పూర్తిగా తెరుచుకుంటోందో లేదో మోటారు మూత తీసి కళ్లతో చూడండి. కేబుల్ సాగిపోయి మూడొంతులే తెరుచుకునే మోటారుకు ప్రొపెల్లర్ మార్చడం వృథా ఖర్చు. ఆర్పీఎం మీటరు వెనక ఉండే సెట్టింగు మీ మోటారు మాన్యువల్‌తో సరిపోవాలి, ఒక మెట్టు తప్పినా చూపే అంకెలన్నీ తప్పే. మీటరు మీద అనుమానం ఉంటే స్పార్క్ ప్లగ్ వైరుకు చుట్టే చిన్న మీటరు తెచ్చి సరిచూడండి. వేగాన్ని జీపీఎస్‌తో, పోటుకు ఎదురుగా ఒకసారి, పోటు వెంట ఒకసారి తీసుకుని సగటు కట్టండి. అన్నిటికన్నా ముఖ్యం: పరీక్ష మీరు రోజూ మోసే బరువుతోనే జరగాలి. ఒక్కరే ఎక్కి సాధించిన వేగం వినడానికి బాగుంటుంది గాని, ఆరుగురితో తిరిగే బోటుకు అది ఎందుకూ పనికిరాదు.

బోటు పరుగెత్తుతుండగా ఇంకొకరికి టిల్లరు ఇచ్చి, మీరు వెనక్కి తిరిగి, అంచు దాటి వంగకుండా, మోటారు కాలును గమనించండి. ఎత్తు సరిగ్గా కుదిరితే క్యావిటేషన్ ప్లేటు కనిపిస్తుంది, దాని పైతలం మీదుగా పలుచని నీటి పొర జారుతూ ఉంటుంది. ప్లేటు అసలు కనిపించక, దాని పైనున్న మొద్దు భాగానికి ఇరువైపులా నీరు గోడలా లేస్తుంటే ఇంకా లోతుగా ఉన్నట్టు. ప్లేటు పూర్తిగా గాలిలోకి వచ్చి, మలుపులో ఇంజన్ ఒక్కసారిగా కేకవేసి బోటు నెమ్మదిస్తే హద్దు దాటినట్టు. ప్రొపెల్లర్ పైనుంచి గాలిని లాక్కుని పట్టు కోల్పోతోంది. అప్పుడు ఒక రంధ్రం కిందికి దించండి.

ఎత్తుకు ఇంకో హద్దు చల్లబరిచే నీరు. నీరు పీల్చే జాలీ గేర్‌కేసు పక్కన, ప్లేటుకు కిందే ఉంటుంది. మోటారు మరీ లేస్తే పంపు నీటితో పాటు గాలిని కూడా మింగుతుంది. ప్రతి మార్పు తరువాత పూర్తి వేగంలోనూ, గట్టి మలుపులోనూ మోటారు వెనక నుంచి వచ్చే నీటి ధార తెగకుండా, ఒకే బలంతో వస్తోందో లేదో చూడండి. ధార బలహీనపడితే వేగం ఎంత పెరిగినా ఆ ఎత్తు మీకు వద్దు.

ఇక్కడ నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. మీరు మనుషులను ఎక్కించుకుని తిరుగుతారు. హోప్ ఐలాండ్ ఇసుక మేట అడ్డుగా ఉన్నంతవరకు అఖాతంలో నీరు నెమ్మదిగానే ఉంటుంది గాని, మేట కొన దాటినా మొగ (పాయ సముద్రంలో కలిసే చోటు) దగ్గరికి వెళ్లినా అలల తీరు మారిపోతుంది. వెనక నుంచి అల వచ్చి బోటు అమరం (వెనక భాగం) పైకి లేచినప్పుడు ప్రొపెల్లర్ నీటిలోనే ఉండాలి, టిల్లరు మాట వినాలి. అందువల్ల మీకు అత్యధిక వేగం ఇచ్చే రంధ్రం ఏదో కనిపెట్టి, దానికి ఒక మెట్టు కింద స్థిరంగా బిగించండి. గంటకు ఒకటి రెండు కిలోమీటర్లు వదులుకోవడం ఆ పట్టుకు చెల్లించే న్యాయమైన ధర. పందెపు బోటుకు ఈ సలహా ఇవ్వను, మీకు మాత్రం తప్పకుండా ఇస్తాను.

ఒకవేళ ఎత్తు సరిగ్గానే ఉన్నా ప్రొపెల్లర్ గాలి పీలుస్తుంటే, మోటారుకు నేరుగా ముందు బోటు అడుగున ఏముందో చూడండి. కీల్ బద్ద వెనక పలక అంచుదాకా మందంగా వచ్చి ఆగిపోయినా, చేపల సౌండర్ సెన్సరు మోటారుకు ఎదురుగా బిగించినా, అవి నురగ నీటిని సరాసరి ప్రొపెల్లర్ మీదికి పంపుతాయి. సెన్సరును పక్కకు జరపాలి, కీల్ బద్దను వెనక పలకకు కొంత ముందు నుంచే క్రమంగా సన్నగా చెక్కి ముగించాలి. మోటారును మళ్లీ కిందికి దించడం ఆ జబ్బుకు మందు కాదు.

ఎత్తు కుదిరాకే ప్రొపెల్లర్ లెక్కకు రావాలి, ఎందుకంటే ఎత్తు మారితే ఆర్పీఎం కూడా మారుతుంది. పిచ్ అంటే ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరిగితే జారుడే లేకుండా ఎంత ముందుకు పోవాలో ఆ దూరం. మీది 13 అంగుళాలు, అంటే సుమారు 33 సెంటీమీటర్లు. మీ గేర్ నిష్పత్తి 2.00 కాబట్టి ఇంజన్ 4350 తిరిగితే ప్రొపెల్లర్ నిమిషానికి 2175 చుట్లు తిరుగుతుంది. ఆ లెక్కన గంటకు 43 కిలోమీటర్లు రావాలి. మీకు వచ్చింది 31. అంటే దాదాపు 28 శాతం జారుడులో పోయింది. ఇద్దరితో నడిపినప్పుడు ఇదే లెక్కలో 46.5 రావాల్సిన చోట 37 వచ్చింది, జారుడు 20 శాతం పైచిలుకు. జారుడు ఎప్పటికీ సున్నా కాదు. కొంత జారితేనే తోపు పుడుతుంది. తేలికైన బోట్లలో 10 నుంచి 15 శాతం, మీలాంటి బరువు బోట్లలో 20 శాతం దాకా ఉండవచ్చు. కానీ 28 శాతం అంటే ప్రొపెల్లర్ మోయలేని బరువు మోస్తోందని, మోటారు కాలు నీటిని అనవసరంగా ఈడుస్తోందని అర్థం.

మోటారు లేపగానే ఈడ్పు తగ్గి, బరువుతో మీ ఆర్పీఎం 100 నుంచి 200 వరకు పెరుగుతుందని ఆశించవచ్చు. అంటే 4350 నుంచి 4500 దగ్గరకు వస్తుంది. అది పరిధి అంచు మాత్రమే. అంచు చాలదు. రోజువారీ బరువుతో పూర్తి థ్రాటిల్‌లో పరిధి పైసగంలో, మీ మోటారుకైతే 5000 నుంచి 5300 మధ్య, తిరగాలని నేను కోరుకుంటాను. పిచ్ ఒక అంగుళం తగ్గితే ఆర్పీఎం సుమారు 150 నుంచి 200 పెరుగుతుందన్నది అందరూ వాడే లెక్క. 13 నుంచి 11కు వస్తే 300 నుంచి 400 కలిసి 4800–4900 వస్తుంది, 10కి వస్తే ఐదువేలు అందుతుంది. ఇద్దరితోనే తిరిగినప్పుడు 10 పిచ్‌తో ఇంజన్ 5500కు దగ్గరపడవచ్చు. అప్పుడు థ్రాటిల్ కొంచెం వెనక్కి తీస్తే సరిపోతుంది. థ్రాటిల్ తగ్గించుకునే మోటారు బాగానే ఉంటుంది. థ్రాటిల్ పూర్తిగా తెరిచినా తిరగలేని మోటారే పాడవుతుంది.

కొనేముందు మీ దగ్గర్లోని వారి దగ్గర 11 పిచ్ అరువు తీసుకుని ఒకరోజు పరీక్షించమని నా సలహా. మీ మోటారు వరసకు 11⅝ × 11 కొలత దొరుకుతుంది. పిచ్ తగ్గినప్పుడు వ్యాసం కొంచెం పెరగడం మామూలే, దాన్ని చూసి అనుమానపడవద్దు. వెడల్పైన రెక్కలు ఎక్కువ నీటిని పట్టి బరువును లేపుతాయి. ప్రొపెల్లర్ మీద కొలతల తరువాత ఉండే అక్షరం మీ పాతదానితో సరిపోవాలి, యమహాలో ఆ అక్షరమే షాఫ్టుకూ గేర్‌కేసుకూ సరిపడే హబ్బును (ప్రొపెల్లర్ నడిమి భాగాన్ని) సూచిస్తుంది; మీ వరసకు అది జి.

అయితే 11 పిచ్‌తో కూడా గరిష్ఠ వేగం తగ్గదా అని మీకు అనిపించవచ్చు. ఖాళీ బోటులో కొంచెం తగ్గవచ్చు. నిండు బోటులో మాత్రం ఇంజన్ తన శక్తి పుట్టే ఆర్పీఎం దగ్గరికి చేరుతుంది కాబట్టి వేగం పెరిగే అవకాశమే ఎక్కువ. అంతకన్నా విలువైన మార్పు బోటు నీటి మీదికి లేవడంలో కనిపిస్తుంది. ఇప్పుడు ఆరుగురితో అణియం (ముందు భాగం) పైకెత్తుకుని చాలాసేపు నీటిని తోస్తూ ఉంటుందని రాశారు; ఆ సమయంలోనే పెట్రోలు ఎక్కువగా కాలుతుంది. పిచ్ సరిపడితే బోటు త్వరగా లేస్తుంది, థ్రాటిల్ తగ్గించాక కూడా లేచే ఉంటుంది. బరువు ముందుకు జరపడం వల్ల కూడా ఇదే మేలు జరుగుతుంది. మీ పెట్రోలు ట్యాంకు, ఐస్ పెట్టె రెండూ వెనక పలక దగ్గరే ఉన్నట్టు ఫొటోలో కనిపిస్తోంది. వాటిలో ఒకదాన్ని మధ్యకు మార్చండి. దానికి పైసా ఖర్చు లేదు.

నాలుగు రెక్కల ప్రొపెల్లర్ గురించి కూడా అడిగారు. బరువుతో లేవడానికి, అలల్లో, మలుపుల్లో పట్టుకు అది నిజంగా మంచిది. అదే పిచ్‌లో మూడు రెక్కలదాని కన్నా ఆర్పీఎం 50 నుంచి 100 తగ్గిస్తుంది కాబట్టి అది వేస్తే ఒక అంగుళం పిచ్ తగ్గించి తీసుకోవాలి. ముందు మూడు రెక్కల 11తో ఎత్తు, ఆర్పీఎం కుదుర్చుకోండి. ఆ తరువాత కూడా మొగ దగ్గర అలల్లో పట్టు జారుతుంటే నాలుగు రెక్కల 10 పిచ్ గురించి ఆలోచించండి.

స్టీలు ప్రొపెల్లర్ ఇప్పుడే మీకు అవసరం లేదు. స్టీలు రెక్కలు సన్నగా ఉండి కూడా వంగవు, అందుకే వేగం బాగుంటుంది, అది నిజమే. కానీ మీరు తిరిగేది బురద, ఇసుక మేటలు, మడ చెట్ల వేర్లు ఉన్న చోట. అల్యూమినియం రెక్క దేనికైనా తగిలితే తనే వంగిపోతుంది. స్టీలు వంగదు, ఆ దెబ్బలో ఎక్కువ భాగం హబ్బులోని రబ్బరు బుష్‌ను దాటి గేర్లదాకా పోవచ్చు. ఆ ఖర్చు ముందు నాలుగు అల్యూమినియం ప్రొపెల్లర్ల ధర చిన్నదే.

పాత 13ను పారేయవద్దు. ముందు దాని రెక్కలను పరీక్షించండి. రెక్కల మొదట్లో రంగు లేచిపోయి, లోహం చీమలు కొరికినట్టు గరుకుగా ఉంటే, అది గాలి పీల్చడం వల్ల వచ్చింది కాదు; వంగిన అంచు వెనక నీటి పీడనం పడిపోయి, పుట్టిన ఆవిరి బుడగలు రెక్క మీదే పేలడం వల్ల వచ్చింది. తాళం చెవి తీసి, కిల్ స్విచ్ (ఇంజన్‌ను ఆపే స్విచ్) తాడు ఊడదీసి, స్పార్క్ ప్లగ్ వైర్లు విప్పాక మోటారును న్యూట్రల్‌లో పెట్టి, గేర్‌కేసుకు ఒక పుల్ల కట్టి దాని కొన ఒక రెక్క అంచుకు తగిలేలా ఉంచండి. చేత్తో ప్రొపెల్లర్ తిప్పితే ప్రతి రెక్కా ఆ కొనకు ఒకే దూరంలో రావాలి. ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా ఉన్నా ఆ ప్రొపెల్లర్ రెక్క వంగినట్టే. హబ్బు జారుతోందన్న అనుమానం ఉంటే వెనకవైపు లోపలి హబ్బు నుంచి బయటి గొట్టం వరకు పెయింటుతో ఒక తిన్నని గీత గీయండి. పూర్తి థ్రాటిల్‌తో నడిపి వచ్చాక గీత రెండు ముక్కలై పక్కకు జరిగి ఉంటే రబ్బరు బుష్ పోయినట్టే, అలాంటి ప్రొపెల్లర్‌తో తీసుకున్న ఆర్పీఎం అంకెలన్నీ కొట్టేయాలి. రెక్కలు, బుష్ బాగుంటే దాన్ని ఒక నట్టు, రెండు కాటర్ పిన్నులు, సరిపడే స్పానర్‌తో కలిపి బోటులోనే ఉంచండి. హోప్ ఐలాండ్ అవతల రెక్క విరిగితే ఒడ్డు చేర్చేది అదే.

కొత్తది వేసేటప్పుడు షాఫ్టు పళ్లకు మెరైన్ గ్రీజు పూయండి, థ్రస్ట్ వాషర్ సరైన వైపు ఉందో చూడండి, షాఫ్టు చుట్టూ వల దారం చుట్టుకుని ఉంటే తీసేయండి. ఆ దారం సీలును కోసేస్తే గేర్ ఆయిల్‌లోకి నీరు దిగుతుంది. మోటారు లేపాక బోటు ఒకవైపుకు లాగడం మొదలైతే, ప్లేటు కింద ఉండే చిన్న జింక్ రెక్క వెనక కొనను బోటు లాగే వైపుకే కొంచెం తిప్పి బిగించండి. మొదటి వారం ప్రతి ప్రయాణం తరువాత వెనక పలక బోల్టులను స్పానర్‌తో ఒకసారి చూడండి, కొత్త రంధ్రాల దగ్గర పలక కొద్దిగా సర్దుకుంటుంది, బోల్టులు వదులవుతాయి. బద్దతో కొలిచిన దూరం, రెండు రంధ్రాలు లేపాక నిండు బరువుతో వచ్చిన ఆర్పీఎం, రెండు దిక్కుల జీపీఎస్ వేగం, ఈ మూడూ రాసి పంపండి. 10 పిచ్చా, 11 పిచ్చా అన్నది ఆ అంకెలు చూసి ఖాయంగా చెబుతాను.